ఇరవై ఏడు ఎర్రచుక్కలు

"నలభై ఒక్కటా!"

ఆ ల్యాబ్‌లో పన్నెండు గాజు గదులున్నాయి. ఒక గదిలో మాట ఇంకో గదిలోకి పోకూడదని లక్షలు పోసి కట్టించారు. అయినా ఆ కేక పన్నెండు గదులకీ వినపడింది.

ఆమె చేతిలోని కాగితం మీద వంద ఇంగ్లిష్ మాటలున్నాయి. అందులో నలభై ఒక్క మాటల నెత్తిన ఎర్రచుక్కలు. పలికేటప్పుడు ఒత్తు పడాల్సిన చోట పడకపోతే ఆ మాట మీద ఒక చుక్క. ఎం.ఏ. ఇంగ్లిష్ ఆఖరి సంవత్సరంలో అందరికీ ఇదే పని. ఒకరు చదివి రికార్డు చేస్తారు, జంటగా ఉన్నవాళ్ళు విని చుక్కలు పెడతారు.

"మీరు నా రికార్డింగే విన్నారా, ఇంకెవరిదైనా విన్నారా?"

"మీదేనండీ. వంద మాటల్ని ఒక్క ఊపిరిలో చదివినవాళ్ళు ఇంకెవరూ లేరు" అన్నాడతను హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుంటూ. "నలభై ఎనిమిదో మాట దగ్గర ఒక్కసారి గాలి పీల్చుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది."

"మీకెందుకు లేచిరావడం?"

"మీకేమన్నా అయితే సాక్ష్యం చెప్పాల్సింది నేనే కదా. బస్సు కదిలిపోతుంటే వెనకాల పరిగెత్తినట్టు చదివారు. ఎందుకంత తొందర?"

ఆవేళ్టి నుంచి క్లాసులో ఆమె పేరు తొందర. అతని పేరు అప్పటికే చెవి. వాళ్ళ నాన్న సంగీత వాయిద్యాలు బాగుచేస్తాడు. తీగ ఏ పాటి వదులైనా పుట్టినప్పట్నుంచీ విని పట్టేసినవాడికి మనుషుల గొంతులో తేడా పట్టడం ఒక లెక్కా?

ఫొనెటిక్స్ చెప్పే మేడం చేతికి గాజులతో పాటు ఎప్పుడూ నాలుగు రబ్బరు బ్యాండ్లుండేవి. మొదటి రోజే తలా ఒకటి ఇచ్చారు. "రెండు బొటనవేళ్ళకీ తగిలించండి. ఒత్తు పడే చోట సాగదీయండి, మిగతా చోట వదిలేయండి. ఫొటోగ్రాఫ్ అంటే మొదటి ముక్క దగ్గర సాగాలి. ఫొటోగ్రాఫర్ అంటే రెండో దానికి మారాలి. ఫొటోగ్రాఫిక్ అంటే మూడో దానికి. మాట పెరిగేకొద్దీ బరువు చోటు మారుతుంది. మన నోటికి అన్ని అక్షరాల్నీ సమానంగా చూడటం అలవాటు. ఈ భాషలో ఆ మర్యాద పనికిరాదు."

తొందరకి పచ్చ బ్యాండు వచ్చింది, చెవికి నల్లది. ల్యాబ్ అయ్యాక క్యాంటీన్ మెట్ల మీద కూర్చుని సాధన చేసేవారు. టీ చల్లారిపోయేది.

"హోటల్."

"మొదట్లో కాదు, చివర సాగదియ్యి."

"కమిటీ."

"మధ్యలో. మధ్యలో అంటే బ్యాండు నా కంట్లోకి వదలమని కాదు!"

మీరు నువ్వయింది. నలభై ఒకటి ముప్పై అయింది, పదహారయింది. ఒకరోజు నాలుగు చుక్కలే వచ్చాయి. ఆ కాగితాన్ని తొందర ఇంటికి తీసుకెళ్ళి డిక్షనరీలో దాచుకుంది. చుక్కలు తగ్గినందుకే దాచుకున్నానని తనకి తాను నచ్చజెప్పుకుంది కూడా.

సగం సంవత్సరం అయ్యేసరికి మేడం ఆ నాలుగు చుక్కల కథ తేల్చారు.

"నేను వింటే పదకొండు తప్పులొచ్చాయి. ఈయనగారికి నాలుగే వినపడ్డాయి" అన్నారు కళ్ళజోడు మీంచి చెవి వైపు చూస్తూ. "తప్పు నీది కాదులే బాబూ. ఒకే గొంతు రోజూ వింటే చెవి లొంగిపోతుంది. అందుకే ఏటా ఈ వేళకి జంటలు మారుస్తాను."

ఒక్కొక్క పేరే చదివారు. తొందరకి ఆవులింత వచ్చాడు. హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే చాలు, నిద్రపోయే మనిషి. చెవికి అనౌన్సర్ వచ్చింది.

అనౌన్సర్ అంటే పేరుకి కాదు, నిజంగానే అనౌన్సర్. సాయంత్రాలు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే ఉద్యోగం. "దయచేసి గమనించండి" అని ఆ అమ్మాయి అంటే సామాన్లు మోసేవాళ్ళు కూడా ఒక్క క్షణం బరువు దించి వినేవారు. అలాంటి గొంతు.

ఆ రోజు నుంచీ తొందరకి గాజుగది నరకమైంది. ఎదురుగా ఏడో నంబరు గది. అందులో వాళ్ళిద్దరూ. మాట వినపడదు, అన్నీ కనపడతాయి. వినపడితే ఇంత బాధ ఉండేది కాదేమో. అతను ఏదో అంటాడు, ఆమె నవ్వుతుంది. ఆమె ఏదో అంటుంది, అతను తలూపుతాడు. ఒకరోజైతే అనౌన్సర్ వేళ్ళ మధ్య పచ్చ బ్యాండు సాగింది.

"పచ్చది ఆమెకెక్కడిది?" అంది తొందర పళ్ళ బిగువున.

"ఆఁ?" అన్నాడు ఆవులింత ఉలిక్కిపడి.

"మన క్లాసులో పచ్చ బ్యాండు నా ఒక్కదానికే ఉంది."

"దుకాణంలో వందుంటాయి కదా" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

నిజమే. కానీ ఈర్ష్యకి దుకాణం సంగతి ఏం చెప్తాం?

తొందర ఉండేది మేనత్త దగ్గర. కింద టైలరు షాపు, పైన ఒకటే గది. మేనత్త మిషను తొక్కుతూ పిల్ల ముఖం చూడకుండానే సంగతి పట్టేసింది.

"ఏమే, ఇవాళ తలుపు అంత గట్టిగా వేశావు? దానికేమన్నా చెవులున్నాయా?"

"చెవుల మాట ఎత్తకు అత్తా!"

"ఓహో. ఇంతకీ ఎవతె?"

"ఎవతె ఏమిటి? నేనేమన్నా అన్నానా?"

"అబ్బాయి మీద కోపమైతే అన్నం మానేస్తావు. అమ్మాయి మీద కోపమైతే తలుపు విరగ్గొడతావు. చిన్నప్పుడూ అంతే." మేనత్త నోట్లోంచి గుండుసూదులు తీసి దిండుకి గుచ్చింది. "చెప్పాల్సింది చెప్పెయ్యవే. రేపు చూద్దాంలే అనుకుంటే రేపటికి మనుషులుండరు."

గోడకి ఒక నీలం చొక్కా వేలాడుతుండేది. ఎప్పట్నుంచో అక్కడే ఉంది. ఎవరిదంటే "కస్టమరుది" అనేది మేనత్త. పై గుండీ లేదు దానికి.

చివరి సాధన పరీక్షకి వంద కొత్త మాటలు. తలా పది నిమిషాలు, ఒక్కటే అవకాశం. తప్పు దొర్లినా వెనక్కి పోవడం లేదు. రికార్డింగులకి పేర్లు తీసేసి నంబర్లు వేస్తారు. ఎవరికి ఏ రెండు నంబర్లు వినడానికి వస్తాయో మేడం చీటీ తీస్తారు.

తొందర మైకు ముందు కూర్చుంది. పక్కన ఆవులింత. అరవై రెండు మాటలు చక్కగా సాగాయి. అరవై మూడో మాట ఎత్తుకోబోతూ తలెత్తితే ఎదుటి గదిలో చెవి ఏదో పెద్ద మాటకి నల్ల బ్యాండు చెవుల దాకా సాగదీస్తున్నాడు. అది వేలు జారి వెళ్ళి టప్పున అతని ముక్కు మీదే కొట్టింది.

తొందర పకాలున నవ్వేసింది. మైకు ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.

ఆవులింత ఒక కన్ను తెరిచాడు. "ఏంటి, నన్ను చూసేనా?"

రికార్డింగు నడుస్తుంటే కథ చెప్పలేక "ఊ" అనేసింది తొందర.

మళ్ళీ తలెత్తేసరికి అనౌన్సర్ అతని ముక్కు దగ్గరికి వంగి, తన చేతిరుమాలు తడిపి అద్దుతోంది. అతను కళ్ళు మూసుకుని అద్దించుకుంటున్నాడు. నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. మిగతా ముప్పై ఎనిమిది మాటల్నీ తొందర రాళ్ళు కొట్టినట్టు చదివింది.

వారం తర్వాత కాగితాలు తిరిగొచ్చాయి. పదిహేడో నంబరు తొందరది. పెట్టిన చేయి ఎవరిదో చూడగానే తెలిసింది, చెవి పెట్టే చుక్కకి చిన్న తోక ఉంటుంది. ఎన్ని చుక్కలో లెక్కపెట్టింది. నమ్మలేక ఇంకోసారి లెక్కపెట్టింది.

ఇరవై ఏడు.

"నావి రెండే!" అంది పక్క బెంచీలో అనౌన్సర్, కాగితం ఎత్తి చూపిస్తూ. పద్దెనిమిదో నంబరు. రెండు చుక్కలు, రెండింటికీ తోకలు.

తొందర తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీ అడుగుకి తోసింది. వరండాలో అతన్ని నిలేసింది.

"ఏం బాబూ, ఎర్ర పెన్సిలంతా నా మీదే అరగదీశావా?"

"అది కాదు..."

"నాకు ఇరవై ఏడు, ఆవిడకి రెండా? ఆవిడ పుట్టుకతోనే ఒత్తులు నేర్చుకుని పుట్టిందా?"

"ఆవిడ బాగా చదువుతుంది."

ఇంకేమన్నా బాగుండేది. తొందరకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయితే ఆవిడ గొంతే వింటూ కూర్చో. నీ చెవులకి విందు."

"నువ్వు మాత్రం?" అన్నాడు చెవి. అతని ముఖం కూడా ఎర్రబడింది. "నీకు నవ్వించేవాళ్ళు దొరికారుగా. నేనొక్కణ్ణి తప్పులు పట్టేవాణ్ణి, నాతో ఏం పని?"

"నవ్వించేవాళ్ళెవరు?"

"నన్నడుగుతావేం?" అని విసురుగా మెట్లు దిగిపోయాడు. నాలుగు మెట్లు దిగాక ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "శుక్రవారం ఐదింటికి నా బస్సు. ఉద్యోగం వచ్చింది. డిక్షనరీ ఆఫీసులో, మాటలు విని గుర్తులు పెట్టే పని. చెప్దామనే వచ్చాను."

వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున్న అసలు పరీక్ష అయింది. తొందర ఎలా చదివిందో ఆమెకే తెలీదు. మధ్యాహ్నం మూడున్నరకి హెడ్‌ఫోన్లు అప్పగించడానికి ల్యాబ్‌కి వెళితే అక్కడి టెక్నీషియను, అందరూ బాబాయిగారనే ఆయన, రిజిస్టరు ముందేసుకుని సణుగుతున్నాడు. కంప్యూటర్‌ని నమ్మడు ఆయన. ఎవరు ఏ నంబరు ఎన్నిసార్లు విన్నారో చేత్తో రాస్తేగాని తోచదు.

"అమ్మాయ్, ఆ చెవి మీ జట్టేగా? కనపడితే చెప్పు. ఒక్క మనిషికి ఒక పేజీ మొత్తం నాశనం చేశాను. ఎవరైనా ఒకసారి వింటారు, అనుమానమొస్తే రెండోసారి. పందొమ్మిదిసార్లు వినేవాణ్ణి ఈ ముప్పై ఏళ్ళలో చూళ్ళేదు."

తొందర రిజిస్టరు మీదికి వంగింది. "పద్దెనిమిదో నంబరేనా, బాబాయిగారూ?"

"పద్దెనిమిది ఒక్కసారే విన్నాడు. ఇదిగో." మొద్దు వేలు గీతల మీద నడిచింది. "పదిహేడు. పదిహేడు. పదిహేడు. నాలుగు రోజులు అదే. అరవై మూడో మాట దగ్గరికి వెనక్కి తిప్పడం, వినడం, తిప్పడం, వినడం. ఆ మీట అరిగిపోయింది. అంత కష్టమైన మాటా అది?"

తొందర అక్కడే నేల మీద సంచీ బోర్లించింది. నాలుగు మడతల కాగితం విప్పింది. కోపంలో వెనకవైపు చూడనేలేదు. మేడం నీలం సిరాతో రాసిన అక్షరాలు అక్కడున్నాయి.

"నేను విన్న తప్పులు తొమ్మిది. మిగతా పద్దెనిమిదీ ఏమిటో పెట్టినవాడే చెప్పాలి. ఈ చెవి ఈ గొంతుకి చెల్లదు."

అరవై మూడో మాట దగ్గర తను నవ్విన నవ్వు ఉంది. ఆవులింత అడిగిన ప్రశ్న ఉంది. తను అన్న "ఊ" ఉంది. గాజు అవతల టప్పుమన్న బ్యాండు మాత్రం అందులో లేదు. ఆ నవ్వు తన ముక్కు చూసేనని ముక్కు నొప్పి పడ్డవాడికే తెలీదు.

గోడ గడియారం చూస్తే నాలుగు కావస్తోంది.

షాపులోకి గాలిలా దూరింది. "అత్తా, బస్టాండుకి పోవాలి. ఐదింటికి బస్సు. అతనికి... నేను..."

మేనత్త మిషను మీంచి కాలు తీసింది. సగం కుట్టిన జాకెట్టు అలాగే వదిలేసి షట్టరు దించింది.

"నువ్వెందుకు అత్తా? నేను పోతానుగా."

"నువ్వు తొందరపడతావే. అక్కడ తొందరపడితే చాలదు." దారిలో ఆటోలో కూర్చున్నాక చెప్పింది. "ఆ నీలం చొక్కా ఇద్దామని నేనూ ఒకసారి బస్టాండుకి పోయాను. అది కుట్టించుకున్నవాడు బస్సు కిటికీ పక్కనే కూర్చున్నాడు. అద్దం మీద కొట్టడానికి చెయ్యెత్తాను. పై గుండీ కుట్టడం మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. గుండీ లేని చొక్కా ఎలా ఇస్తానని చెయ్యి దించేశాను. గుండీ కోసం చూసుకున్నానే పిచ్చిదాన్ని."

తొందర అత్త చెయ్యి పట్టుకుంది.

బస్టాండులో పదహారు ప్లాట్‌ఫారాలు. ఎక్కడ చూసినా జనం, మూటలు, ఏడుపులు, చేతులూపడాలు. అతను ఏ బస్సో తెలీదు. ఊరి పేరైనా అడగలేదే! నాలుగూ నలభై ఐదు. తల పైన స్పీకర్లోంచి ఆ తియ్యని గొంతు. "దయచేసి గమనించండి..."

తొందర పళ్ళు కొరుక్కుంది. తర్వాత ఆ గొంతు వస్తున్న గది వైపే పరిగెత్తింది.

అనౌన్సర్ మైకు ఆపి తలెత్తింది. ఇద్దరి మధ్యా మళ్ళీ ఒక గాజు తలుపు.

"అతని బస్సు ఎక్కడ?" అంది తొందర, ఊపిరి అందక.

"ఎవరి బస్సు?"

"తెలీనట్టు అడక్కు. నీకు రెండు చుక్కలు పెట్టినవాడి బస్సు."

అనౌన్సర్ ముఖంలో నవ్వు నిలవలేదు. "రెండు చుక్కలు!" అంది. "బస్టాండంతా నిలబడి వినే గొంతు ఇది. అతను ఒక్కసారి విని రెండు చుక్కలు పెట్టి అవతల పారేశాడు. నేను రిజిస్టరు చూడలేదనుకున్నావా? పచ్చ బ్యాండు కొనుక్కున్నాను. చేతిరుమాలు తడిపాను. కళ్ళు మూసుకుని ఏమన్నాడో తెలుసా? 'ఆ నవ్వింది ఎవరు, తొందరేనా, ఎవర్ని చూసి?' అన్నాడు. నాకూ కోపమొస్తుంది తెలుసా."

తొందర ఇన్నాళ్ళూ గాజు ఇవతల తనొక్కతే మండిపోతున్నానని అనుకుంది.

"నాకు తెలీదు" అంది నెమ్మదిగా. మొదటిసారి నెమ్మదిగా.

"తెలీదులే." అనౌన్సర్ ముక్కు తుడుచుకుని బస్సుల పట్టీ చూసింది. "తొమ్మిదో నంబరు. బయల్దేరబోతోంది. పో. ఆగు, నువ్వు పోయేలోగా అది పోతుంది." మైకు మీట నొక్కింది. బస్టాండంతా ఆ గొంతు నిండింది. "దయచేసి గమనించండి. తొమ్మిదో ప్లాట్‌ఫారం డ్రైవరుగారికి మనవి. ఒక ప్రయాణికుడి సామాను కింద మిగిలిపోయింది. అది ఎక్కేదాకా బస్సు కదపవద్దు."

"సామానా?" అంది తొందర.

"ఇంకేమనమంటావు, నువ్వనా? పోవే!"

తొమ్మిదో నంబరు దగ్గరికి చేరేసరికి స్పీకరు మాట విని మేనత్త అప్పటికే అక్కడుంది. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ బస్సు పొడవునా ఒక్కొక్క కిటికీ వెతుకుతోంది. ఇంజను అప్పటికే గురగురలాడుతోంది. నాలుగో కిటికీలో నల్ల రబ్బరు బ్యాండు వేళ్ళకి చుట్టుకుని దిగులుగా కూర్చున్న కుర్రాడు కనపడ్డాడు.

"ఇతనేనా?"

తొందర తలూపింది.

మేనత్త చెయ్యెత్తింది. ఒక్క క్షణం ఆ చెయ్యి గాల్లో ఆగింది. మరుక్షణం అద్దం పగిలిపోతుందా అన్నట్టు దబదబా బాదింది.

"దిగు బాబూ! నీ సామాను తీసుకో!"

అతను కంగారుగా దిగాడు. కండక్టరు అరుస్తున్నాడు. చెవి ఒకసారి మేనత్తని చూశాడు, ఒకసారి తొందరని చూశాడు.

"నీ ముక్కు చూసి నవ్వాను" అంది తొందర గబగబా, ఒక్క ఊపిరిలో. "బ్యాండు వచ్చి ముక్కు మీద కొట్టిందిగా, అది చూసి నవ్వాను, వాడెవడు, వాడు నిద్రపోతున్నాడు, ఊ అన్నది నోరు మూయించడానికి, పందొమ్మిదిసార్లు విన్నావట, ఒక్కసారి వచ్చి అడిగితే నీ సొమ్మేం పోయింది, ఆ పద్దెనిమిది చుక్కలేమిటి?"

అతను తల దించుకున్నాడు. "తప్పులు కాదు. విన్న ప్రతిసారీ ఎక్కడో ఒకచోట నీ గొంతు దగ్గర ఆగిపోయేవాణ్ణి. ఆగినప్పుడల్లా చేతిలో పెన్సిలు కాగితానికి తగిలేది. తగిలిన చోటల్లా చుక్క. తుడుద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు."

"మేడం ఏం రాశారో తెలుసా? నీ చెవి నాకు చెల్లదట."

"తెలుసు. ఫొనెటిక్స్‌కి చెల్లదు." అతను ముక్కు రుద్దుకున్నాడు. "ఇంక దేనికైనా చెల్లుతుందేమో నువ్వే చెప్పాలి."

"బాబూ, ఎక్కుతావా, పోనీమంటావా?" అని కండక్టరు.

"పోనివ్వవయ్యా" అంది మేనత్త. "ఆరింటికి ఇంకోటుంది. సంచీ దించు." చెవిని పైనుంచి కిందకి, కొలతలు తీసుకుంటున్నట్టు చూసింది. "భుజాలు పదిహేడుంటాయి. నీలం రంగు నప్పుతుంది. వచ్చే నెల వచ్చినప్పుడు షాపుకి రా. గుండీ కుట్టి ఉంచుతాను."

బస్సు వెళ్ళిపోయింది. చాలామంది చేతులూపారు. గంట తర్వాత ఇతనూ వెళ్ళాలి, నిజమే. గంట ఉంది కదా.

బెంచీ మీద కూర్చున్నారు. మేనత్త కాస్త దూరంగా, వినపడనంత దూరంగా, వినపడేంత దగ్గరగా కూర్చుంది.

"ఇందాక అంతా చెప్పావు" అన్నాడు చెవి. "అసలు మాట ఒక్కటి చెప్పలేదు."

తొందర ముఖం ఎర్రబడింది. అటూ ఇటూ చూసి అతని చెవి దగ్గరికి వంగి ఒక మాట చెప్పింది. ఇంగ్లిష్‌లో కాదు, అన్ని అక్షరాల్నీ సమానంగా చూసే తన భాషలోనే చెప్పింది.

"మరీ తొందరగా అన్నావు" అన్నాడతను. "ఇంకోసారి."

ఆమె ఇంకోసారి చెప్పింది.

"ఊహూ. అనుమానంగా ఉంది. ఇంకోసారి."

స్పీకర్లో తియ్యని గొంతు ఒకసారి దగ్గింది. "దయచేసి గమనించండి. ఆరు గంటల బస్సు పావుగంట ఆలస్యంగా బయల్దేరుతుంది."

"మూడు" అంది బెంచీ ఆ చివర్నుంచి మేనత్త, అటు తిరిగే వేళ్ళు మడుస్తూ. "పందొమ్మిదికి ఇంకా పదహారు ఉన్నాయి. కానివ్వండి."